లెస్ పాల్ గిటార్‌కు వైబ్రాటో టెయిల్‌పీస్ బిగించాలా, వద్దా?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇదీ. మీరు మల్కాజిగిరిలో ఉంటూ ఆదివారాలు సికింద్రాబాద్‌లోని ఒక చర్చిలో ఆరాధన గీతాలకూ, ముహూర్తాల కాలంలో పెళ్లి ఆర్కెస్ట్రాలో సినిమా పాటలకూ గిటార్ వాయిస్తున్నారు. మీ దగ్గర ఉన్నది ఒక్క ఎపిఫోన్ కంపెనీ లెస్ పాల్ ఎలక్ట్రిక్ గిటార్. దానికి మామూలు స్టాప్ టెయిల్‌పీస్ (తీగల చివరలను పట్టి ఉంచే కదలని భాగం) ఉంది, 10-46 తీగలు (సన్న తీగ మందం అంగుళంలో వెయ్యింట 10 వంతులు, లావు తీగది 46 వంతులు) వేస్తున్నారు. కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) మోగుతుండగా చివర్లో స్వరం మెల్లగా ఊగాలన్న కోరికతో బిగ్స్‌బీ, అంటే ఆర్మ్ అనే చేతి కడ్డీతో తీగల బిగువు మార్చి స్వరాన్ని ఊపే వైబ్రాటో టెయిల్‌పీస్, పెట్టించాలనుకుంటున్నారు. ఒక దుకాణంలో చెక్కకు రంధ్రాలు చేయక తప్పదన్నారు, ఇంకొకచోట రంధ్రాలు లేకుండానే బిగించే అమరికలున్నాయన్నారు, మీతో వాయించే మిత్రుడేమో వైబ్రాటో పెడితే ఇక శ్రుతి నిలవదని హెచ్చరించారు. ముగ్గురి మాటల్లోనూ కొంత నిజం ఉంది, అందుకే తేల్చుకోవడం కష్టమైంది.

ముందు నా అభిప్రాయం చెప్పి, కారణాలు తరువాత వివరిస్తాను. ఈ పని చేయించవచ్చు, కాని నట్ (మెడ చివర తీగలు గాడుల్లో కూర్చునే చిన్న పట్టీ) పరిస్థితి తేలకముందు ఏ భాగమూ కొనకండి. చెక్కకు రంధ్రం చేయాల్సిన పద్ధతి ఏదైనా మీకు వద్దు. మీరు వాయించే పాటల్లో తీగను లాగి పలికించే గమకాలే ఎక్కువైతే, లెస్ పాల్‌ను ఉన్నదున్నట్టు ఉంచుకుని, వైబ్రాటో ఉన్న రెండో గిటార్‌ను సెకండ్ హ్యాండ్‌లో చూసుకోవడమే మేలు.

శ్రుతి విషయంతో మొదలుపెడతాను. వైబ్రాటో యంత్రం తనంతట తాను శ్రుతిని చెడగొట్టదు. లెస్ పాల్‌కు ఉండే 24.75 అంగుళాల స్కేల్ (నట్ నుంచి బ్రిడ్జి దాకా మోగే తీగ పొడవు) మీద 10-46 తీగలను మామూలు శ్రుతికి బిగిస్తే, ఆరు తీగల లాగుడూ కలిపి దాదాపు 44 కిలోల బరువుకు సమానమవుతుంది. ఆర్మ్‌ను నొక్కినప్పుడు ఈ లాగుడు తగ్గుతుంది, వదిలినప్పుడు స్ప్రింగు దాన్ని మళ్లీ మొదటి స్థితికి తెస్తుంది. ఈ రాకపోకల్లో ప్రతి తీగా నట్ గాడిలోనూ, బ్రిడ్జి సాడిల్ (అవతలి చివర తీగ ఆనే చిన్న భాగం) మీదా వెంట్రుకవాసి జరుగుతుంది. జరిగినంతా వెనక్కి వస్తే శ్రుతి నిలుస్తుంది, మధ్యలో ఎక్కడ పట్టేస్తే అక్కడ తప్పుతుంది. కాబట్టి అసలు ప్రశ్న ఏ వైబ్రాటో మంచిదన్నది కాదు, మీ గిటార్‌లో తీగ ఎక్కడ పట్టేస్తోందన్నది.

లెస్ పాల్ తరహా గిటార్లలో ఆ చోటు చాలావరకు నట్, అందులోనూ జి, డి తీగల గాడులు. దీనికి కారణం హెడ్‌స్టాక్ (గిటార్ మెడ కొస) ఆకారంలోనే ఉంది. ట్యూనర్లు (తీగలు బిగించే బిరడాలు) మూడు ఒకవైపు, మూడు మరొకవైపు ఉండడంతో నట్ దాటిన తీగ నేరుగా పోకుండా పక్కకు తిరుగుతుంది. నడిమి రెండు తీగలూ హెడ్‌స్టాక్ పైభాగంలోని ట్యూనర్ల దాకా పోవాలి గనుక ఆ మలుపు వాటికి స్పష్టంగా కనిపిస్తుంది. దానికి తోడు హెడ్‌స్టాక్ వెనక్కి వాలి ఉంటుంది, గిబ్సన్ సంప్రదాయంలో 17 డిగ్రీల దాకా. అంటే తీగ ఒకేచోట కిందికీ పక్కకీ కూడా వంగి, గాడి గోడను ఒరుసుకుంటూ వెళుతుంది. ఫెండర్ గిటార్లలో హెడ్‌స్టాక్ వాలు లేకుండా, తీగలు దాదాపు నేరుగా ట్యూనర్లకు చేరతాయి కాబట్టి ఈ బాధ తక్కువ. అక్కడ పట్టేసేది సన్న తీగలను కిందికి అదిమిపెట్టే స్ట్రింగ్ ట్రీ దగ్గర.

మీ గిటార్‌కు ఇప్పుడు వైబ్రాటో లేకపోయినా ఈ పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు. కనీసం ఒక రోజు వాయించి సాగిన తీగలు ఉండగా, క్లిప్ ట్యూనర్ (శ్రుతిని చూపే చిన్న పరికరం) పెట్టుకుని జి తీగను కచ్చితంగా శ్రుతి చేయండి. తరువాత పన్నెండో ఫ్రెట్ (మెట్టు) దగ్గర తీగను పక్కకు లాగి, స్వరం రెండు ఫ్రెట్ల మేర పెరిగేలా బెండ్ చేసి వదిలి, ఖాళీ తీగను మీటి ట్యూనర్ చూడండి. శ్రుతి తగ్గి ఉంటే, బెండ్ చేసినప్పుడు హెడ్‌స్టాక్ వైపు నుంచి కాస్త తీగ ఇటు జరిగి వచ్చి, తిరిగి వెళ్లలేదన్నమాట. ఇప్పుడు నట్‌కూ ట్యూనర్‌కూ మధ్య ఉన్న తీగ ముక్కను వేలితో ఒకసారి నొక్కి వదలండి. దాంతో శ్రుతి మళ్లీ చోటికి వస్తే దోషం నట్‌దే. అప్పటికీ రాకపోతే ట్యూనర్ కడ్డీకి తీగను చుట్టిన తీరు చూడాలి. వదులుగా ఐదారు చుట్లు వేసి ఉంటే అక్కడే జారుతుంది.

రెండో పరీక్ష దీనికి తిరగేసింది, వైబ్రాటో కోరుకునేవారికి దీని ఫలితమే ముఖ్యం. మళ్లీ శ్రుతి చేసి, బెండ్ ఏమీ చేయకుండా, నట్ వెనక ఉన్న తీగనే గట్టిగా నొక్కి వదిలి ట్యూనర్ చూడండి. శ్రుతి పెరిగి అక్కడే నిలిచిపోతే, అటు లాగిన తీగ ఇటు రాలేదని అర్థం. ఆర్మ్‌ను నొక్కి వదిలినప్పుడు జరిగేదీ ఇదే. ఆర్మ్ నొక్కగానే వాయించే భాగంలో లాగుడు పడిపోతుంది, నట్ వెనక ఉన్న ముక్కలో ఎక్కువగా ఉంటుంది, ఆ ముక్క తీగను తనవైపు లాక్కుంటుంది. వదిలాక పట్టేస్తే శ్రుతి పైకి పోయి కూర్చుంటుంది. బెండ్ తరువాత తగ్గడం, ఆర్మ్ తరువాత పెరగడం ఒకే రోగానికి రెండు లక్షణాలు. ఆర్మ్‌ను నొక్కి వదిలాక కొందరు వాయిద్యకారులు దాన్ని అలవాటుగా కాస్త పైకి లాగి వదలడం మీరు చూసే ఉంటారు; పట్టేసిన తీగను వెనక్కి రప్పించడానికే అది.

ట్యూనర్ తిప్పుతున్నప్పుడు టింగుమని చప్పుడు వచ్చి శ్రుతి ఒక్కసారిగా ఎగిరితే ఏ పరీక్షా అక్కరలేదు, గాడి ఇరుకుగా ఉంది. 10-46 సెట్‌లో జి తీగ మందం అంగుళంలో వెయ్యింట 17 వంతులు, అంటే 0.43 మిల్లీమీటర్లు, గాడి అంతకన్నా లవలేశం వెడల్పుగా ఉండాలి, అడుగున గుండ్రంగా ఉండాలి, ట్యూనర్ వైపు వాలుగా ఉండాలి. కొత్త గిటార్లు మన చేతికి వచ్చేసరికి గాడులు తరచుగా ఇరుకుగానే ఉంటాయి. తాత్కాలికంగా మెత్తని పెన్సిల్ ముక్కును గాడిలో రుద్దితే ఆ గ్రాఫైట్ పొడి మీద తీగ జారుతుంది, తీగలు మార్చిన ప్రతిసారీ అలా రుద్దడం మంచి అలవాటు కూడా. శాశ్వత పరిష్కారం మాత్రం నట్ ఫైళ్లు ఉన్న మనిషి చేత గాడులు సరిచేయించడం లేదా కొత్త బోన్ నట్ వేయించడం. హ్యాక్‌సా బ్లేడుతో గాడి కోస్తామనేవారికి గిటార్ ఇవ్వకండి. మీ జి తీగకు సరిపడే ఫైలు ఉందా అని అడిగి, చూశాకే ఇవ్వండి.

ఇక రెండో విషయం, నా దృష్టిలో మన పాటలు వాయించేవారికి అన్నిటికన్నా పెద్దది. వీణ మీద తంత్రిని మెట్టు మీదుగా పక్కకు లాగి గమకం పలికిస్తారు. పాలకొల్లు నుంచి వచ్చిన మాండలిన్ శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించినప్పుడూ జారు, కంపితం ఎడమచేతి వేళ్ల నుంచే వచ్చాయి. మీరు గిటార్ మీద సినిమా పాటలోని వేణువు ముక్కనో, గాయని ఆలాపననో అనుకరించేటప్పుడు చేస్తున్నదీ అదే. ఈ పద్ధతికి కదలని బ్రిడ్జి, కదలని టెయిల్‌పీస్ ఎంత పెద్ద ఆసరానో, అవి పోయిన తరువాత గాని తెలియదు.

లెక్క చూద్దాం. మీ జి తీగ మీద లాగుడు దాదాపు 7 కిలోలు. స్వరం రెండు ఫ్రెట్ల మేర పెరగాలంటే కంపన సంఖ్య 12 శాతం పెరగాలి. కంపన సంఖ్య లాగుడుకు వర్గమూలంగా మారుతుంది కాబట్టి లాగుడు 26 శాతం పెరగాలి, అంటే 9 కిలోల దగ్గరికి రావాలి. స్టాప్ టెయిల్‌పీస్ ఆ అదనపు బరువును చెక్కకు అప్పగించి కదలకుండా ఉంటుంది. స్ప్రింగు మీద నిలిచే వైబ్రాటో అలా ఉండలేదు, కాస్త ముందుకు ఒరుగుతుంది. అది ఒరిగితే రెండు జరుగుతాయి. మీరు లాగిన తీగ అనుకున్న స్వరానికి చేరదు, ఇంకాస్త లాగాలి. మిగతా అయిదు తీగలూ తగ్గుతాయి. ఒక్క తీగ మీదే పాట నడుస్తుంటే రెండోది వినిపించదు, మొదటిదానికి వేళ్లు కొన్నాళ్లలో అలవాటుపడతాయి. కాని కింద ఖాళీ తీగను శ్రుతిలా మోగనిచ్చి, పైన బెండ్ తీసే వాయింపులో ఆ ఆధార శ్రుతే కిందికి జారుతుంది. పక్కన కీబోర్డు అదే స్వరాన్ని పట్టుకుని ఉంటే తేడా అందరికీ తెలుస్తుంది. ఒక తీగను పట్టి ఉంచి పక్క తీగను లాగే జంట స్వరాల విషయంలోనూ అంతే.

ఈ దోషం అన్ని వైబ్రాటోలలో ఒకే మోతాదులో ఉండదు. చెక్కకు ఆనకుండా గాలిలో తేలేలా అమర్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్ బ్రిడ్జిలోనూ, తీగలకు తాళం వేసే ఫ్లాయిడ్ రోజ్ వైబ్రాటోలోనూ ఎక్కువ, బిగ్స్‌బీలో తక్కువ. బిగ్స్‌బీలో ఇంకో సంగతి ఉంది: బ్రిడ్జి దాటిన తరువాత కూడా తీగ చాలా పొడవుగా పోతుంది, ఆ పొడవంతా సాగుతుంది కాబట్టి అవే 10-46 తీగలు వేలి కింద మెత్తగా అనిపిస్తాయి, అదే స్వరానికి తీగను ఇంకాస్త దూరం నెట్టాల్సి వస్తుంది. కొందరికి ఈ మెత్తదనం ఇష్టం. గమకం కచ్చితంగా పలకాలనుకునేవారికి ఇది ఇబ్బందే.

ఇంగ్లండు గిటారిస్టు జెఫ్ బెక్ స్ట్రాటోకాస్టర్ ఆర్మ్ మీద పాట మొత్తాన్ని పలికించారు కదా అని మీరు అడగవచ్చు. నిజమే, స్వరం నుంచి స్వరానికి ఆయన ఆర్మ్‌తో జారిన తీరు మన గమకాలకు చాలా దగ్గరగా వినిపిస్తుంది. అది కుడిచేతికి ఏళ్ల తరబడి నేర్పిన వేరే విద్య, ఆర్మ్ ఎప్పుడూ అరచేతిలో ఉండాలి. దాన్ని నేర్చుకునే కోరిక ఉంటే దానికి తగిన గిటార్ తీసుకోవాలి. లెస్ పాల్‌కు బిగ్స్‌బీ పెడితే ఆ దారి తెరుచుకోదు. బిగ్స్‌బీ ఇచ్చేది ఒకటి రెండు ఫ్రెట్ల మేర దిగే మృదువైన కదలిక. అమెరికాలో పాల్ బిగ్స్‌బీ 1950ల మొదట్లో దాన్ని తయారు చేసింది కార్డులను మెల్లగా ఊపడానికే, ఆ పనిలో ఇప్పటికీ దానికి సాటి లేదు. అయితే ఊపు చిన్నదిగా ఉన్నంతవరకే కార్డ్ కార్డ్‌లా వినిపిస్తుందని గుర్తుంచుకోండి. ఒకే కదలికకు అన్ని తీగలూ సమానంగా దిగవు; సన్నని ఇ తీగ కంటే జి తీగ బాగా ఎక్కువ దిగుతుంది.

మీ కోరిక కార్డ్ చివర చిన్న ఊపు అయితే బిగ్స్‌బీ ఎంపిక సరైనదే. చర్చిలో నెమ్మదిగా సాగే గీతాలకు, రివర్బ్‌తో కలిపి, అది ఎంతో నిండుగా ఉంటుంది. చిక్కు ఏమిటంటే అదే గిటార్‌తో మీరు శనివారం రాత్రి పెళ్లిలో గమకాల పాటలూ వాయించాలి.

లెస్ పాల్ ముఖం ఉబ్బుగా ఉంటుంది కాబట్టి దానికి తగిన బిగ్స్‌బీ బి7. దాన్ని నేరుగా బిగిస్తే గిటార్ అడుగు అంచులో కొన్ని స్క్రూలు, ముఖం మీద రెండు స్క్రూలు పడతాయి. మీ దుకాణదారు చెప్పినది దీన్నే. వైబ్రామేట్ వి7 అనే అమరిక తీసుకుంటే స్టాప్ టెయిల్‌పీస్ స్టడ్‌ల (దాన్ని పట్టి ఉంచే లావు మరమేకుల) చోటునూ, అడుగున బెల్టు గుండీ రంధ్రాన్నీ వాడుకుని అదే బి7 కొత్త రంధ్రాలేవీ చేయకుండానే కూర్చుంటుంది. ఇది మీ రెండో దుకాణదారు మాట. మీరు మళ్లీ ఎప్పుడైనా పాత టెయిల్‌పీస్ బిగించుకోవాలన్నా, గిటార్ అమ్ముకోవాలన్నా రంధ్రం లేకపోవడం విలువైనది. రంధ్రం పడ్డ గిటార్‌కు సెకండ్ హ్యాండ్‌లో ధర తగ్గుతుంది, ఆ రంధ్రాన్ని ఎంత అందంగా పూడ్చినా కొనేవారు దాన్నే చూస్తారు.

బి7 లో తీగలను కిందికి అదిమే ఒక అడ్డు కడ్డీ ఉంటుంది. దానివల్ల తీగ బ్రిడ్జి మీద స్థిరంగా కూర్చుంటుంది గాని, సాడిల్ మీద కోణం నిటారై ఒరుపు పెరుగుతుంది, కడ్డీ కిందా ఇంకొంత ఒరుపు చేరుతుంది. అందుకే చాలామంది దీనితోపాటు రోలర్ బ్రిడ్జి (సాడిళ్ల బదులు తిరిగే చిన్న చక్రాలున్నది) వేయిస్తారు. నా సలహా ముందు ఉన్న బ్రిడ్జితోనే చూడమని. సాడిల్ గాడులను నునుపు చేసి గ్రాఫైట్ రాస్తే సరిపోయే గిటార్లు ఎన్నో ఉన్నాయి. చౌక రోలర్లు గలగలమంటాయి, మన ఊరి దుమ్మూ చెమటా చేరితే తిరగడం మానేస్తాయి, తిరగని రోలర్ మామూలు సాడిల్ కంటే అధ్వాన్నం. రోలర్ బ్రిడ్జి కొనక తప్పకపోతే బ్రిడ్జి స్తంభాల మందం కొలిచి కొనండి. గిబ్సన్‌కు సరిపోయేది ఎపిఫోన్‌కు సరిపోతుందన్న హామీ లేదు.

అదే జాగ్రత్త స్టడ్‌ల విషయంలోనూ అవసరం. గిబ్సన్ టెయిల్‌పీస్ స్టడ్ మర అంగుళాల కొలతలో ఉంటుంది, ఆసియాలో తయారైన గిటార్లలో సాధారణంగా 8 మిల్లీమీటర్ల మెట్రిక్ మర ఉంటుంది. రెండింటి మందం చూపుకు ఒకటిగానే ఉంటుంది, వేలితో తిప్పితే మొదటి చుట్టు ఎక్కినట్టే ఎక్కి ఆగిపోతుంది. అక్కడ స్క్రూడ్రైవర్‌తో బలవంతం చేస్తే చెక్కలో దిగగొట్టిన బుషింగ్ మర పాడవుతుంది, లేదా బుషింగే ఊడి వస్తుంది. స్టడ్ వేళ్లతో మాత్రమే చివరిదాకా దిగాలి. మీ మెకానిక్ దగ్గర నిలబడి చూడగలిగితే ఈ ఒక్క ఘట్టం చూడండి.

డ్యూసెన్‌బర్గ్ లెస్ ట్రెమ్ ఇంకో మార్గం. అది పూర్తిగా స్టాప్ టెయిల్‌పీస్ స్థానంలోనే కూర్చుంటుంది, అడుగు అంచు దాకా పోదు, అడ్డు కడ్డీ లేదు, తీగ మార్చడం సులువు. కదలిక పరిధి చిన్నదే అయినా మీరు కోరుతున్న ఊపుకు చాలు. బిగ్స్‌బీ రూపం మీద మనసు లేకపోతే మీ అవసరానికి నేను దీనికే మొగ్గుతాను. ఫ్లాయిడ్ రోజ్‌వారి ఎఫ్ఆర్ఎక్స్ కూడా చెక్క తొలవకుండా ఈ తరహా గిటార్లకు ఎక్కుతుంది గాని, అది తీగలను నట్ వెనక తాళం వేసి లోతుగా ముంచి వాయించేవారి కోసం. మీరు వర్ణించిన సంగీతానికి ఆ బరువూ ఆ హంగామా అక్కరలేదు. చెక్క తొలిచి పెట్టే మామూలు ఫ్లాయిడ్ రోజ్ గురించి ఆలోచించనే వద్దు.

ఆన్‌లైన్‌లో బిగ్స్‌బీని పోలిన చౌక నకళ్లు దొరుకుతాయి. అసలు దానిలో తీగలు చుట్టుకునే కడ్డీ నీడిల్ బేరింగుల మీద తిరుగుతుంది, నకళ్లలో చాలావాటికి ఉత్త లోహపు బుషింగ్ ఉంటుంది. కొనేముందు కడ్డీని రెండు వేళ్లతో పట్టి పక్కకు ఊపి చూడండి. కదిలితే వద్దు, ఎందుకంటే ఆ కదలికే రేపు శ్రుతి తేడా అవుతుంది. లైసెన్సు మీద తయారైన బి70 అసలు బి7 కంటే తక్కువ ధరకు వస్తుంది, చూడదగినది. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం, రవాణా ఖర్చు కలిసి భాగం ధరను బాగా పెంచుతాయి, ముందే లెక్క వేసుకోండి.

బిగించిన రోజే చూసుకోవలసినది ఎర్త్ తీగ. లెస్ పాల్‌లో తీగలను ఎర్త్‌కు కలిపే సన్నని వైరు లోపల ఒక స్టడ్ బుషింగ్ కిందికి వస్తుంది. తీగల నుంచి టెయిల్‌పీస్, దాని నుంచి స్టడ్, అక్కడి నుంచి వైరు, ఇదీ దారి. కొత్త అమరికలో పూత వేసిన లోహమో, ప్లాస్టిక్ వాషరో అడ్డుపడితే ఈ దారి తెగుతుంది. ఆంప్ ఆన్ చేసి, తీగలను తాకితే హమ్ తగ్గాలి. తగ్గకపోతే, లేదా తాకినప్పుడే పెరిగితే, మెకానిక్ మల్టీమీటర్‌తో చూసి సరిచేయాలి. మేడ్చల్, శంషాబాద్ వైపు ఫంక్షన్ హాళ్ల లాన్లలో జనరేటర్ మీద, ఎర్తింగ్ సంగతి తెలియని బోర్డుల మీద వాయించేవారు దీన్ని తేలికగా తీసుకోకూడదు. ఒక చేయి తీగల మీద ఉండగా మైకు పెదవికి తగిలి చురుక్కుమంటే పాట ఆపి ముందు కరెంటు సంగతి చూడాలి.

వేదిక మీద ఇంకో పరిస్థితి ఊహించుకోండి. పాట మధ్యలో తీగ తెగింది. స్టాప్ టెయిల్‌పీస్‌తో మిగతా అయిదు తీగలూ శ్రుతిలోనే ఉంటాయి, పాట ముగించవచ్చు. తేలే బ్రిడ్జిలో తీగ తెగగానే స్ప్రింగులు గెలిచి మిగతావన్నీ పైకి పోతాయి, ఆ పాట అక్కడితో ఆగినట్టే. బిగ్స్‌బీ, లెస్ ట్రెమ్‌లలో తేడా ఇంతకన్నా తక్కువ, కాని ఉంటుంది. పైగా బి7 లో కొత్త తీగ వేయడం నిదానమైన పని. తీగ చివరి పూసను కడ్డీ మీది చిన్న మేకుకు తగిలించాలి, ట్యూనర్ వైపు బిగించేలోగా అది జారి ఊడుతుంది. తీగ చివరను పెన్సిల్ చుట్టూ ముందే వంచి ఉంచుకుని, మేకుకు తగిలించాక మొదటి ఫ్రెట్ మీద కాపో (తీగలను నొక్కి పట్టే క్లిప్) పెట్టి పట్టి ఉంచితే ఒంటిచేత్తో ట్యూనర్ తిప్పుకోవచ్చు. ఇంట్లో దీన్ని బాగా సాధన చేశాకే వేదిక ఎక్కండి.

ఇన్ని చెప్పిన తరువాత రెండో గిటార్ మాట. 1954లో ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌తో వచ్చిన వైబ్రాటోను తేలకుండా, వెనక స్ప్రింగులు నాలుగో అయిదో వేసి బిగించి, బ్రిడ్జి పలకను చెక్కకు ఆనించి పెట్టుకోవచ్చు. అప్పుడు స్ప్రింగుల లాగుడు తీగల లాగుడు కంటే ఎక్కువగా ఉంటుంది కాబట్టి మీరు జి తీగకు అదనంగా పెట్టే రెండు కిలోల దగ్గరి బరువుకు పలక కదలదు. గమకం స్టాప్ టెయిల్‌పీస్ మీద పలికినంత కచ్చితంగా పలుకుతుంది, ఆధార శ్రుతి జారదు, తీగ తెగినా మిగతావి నిలుస్తాయి. ఆర్మ్ నొక్కితే మాత్రం దిగుతుంది. పైకి లాగడం కుదరదు, ఆర్మ్ కాస్త గట్టిగా ఉంటుంది, ఊపు ఎప్పుడూ అసలు స్వరం నుంచి కిందికే సాగుతుంది. చర్చి గీతానికీ, పెళ్లి పాటకూ ఒకే గిటార్ కావాలంటే నాకు తెలిసిన అమరికల్లో ఇదే రెండింటికీ న్యాయం చేస్తుంది. ఫెండర్‌వారి చౌక బ్రాండ్ స్క్వయర్ స్ట్రాటోకాస్టర్ సెకండ్ హ్యాండ్‌లో తేలికగా దొరుకుతుంది. అసలు బి7, అమరిక, రోలర్ బ్రిడ్జి, కస్టమ్స్, కూలీ కలిపిన మొత్తాన్ని దాని ధర పక్కన పెట్టి చూసుకోండి.

అయినా లెస్ పాల్ స్వరమే కావాలి, దానికే ఊపు కావాలి అనుకుంటే, పని ఆషాఢంలో పెట్టుకోండి. ఆ నెలలో పెళ్లిళ్లు ఉండవు, చర్చికి ఏదో ఒక గిటార్ అడిగి తెచ్చుకోవచ్చు. ఎండాకాలపు పొడి గాలి పోయి వానల తేమ వచ్చే ఆ రోజుల్లో నెక్ ఎలాగూ కాస్త కదులుతుంది, ట్రస్ రాడ్ (నెక్ లోపలి సర్దుబాటు కడ్డీ) సరిచేయించక తప్పదు; రెండు పనులూ ఒకేసారి అవుతాయి. ముందు నట్ మాత్రం చేయించి రెండు వారాలు వాయించండి. నేను చెప్పిన రెండు పరీక్షల్లోనూ జి, డి తీగలు చోటికి తిరిగి వస్తుంటేనే లెస్ ట్రెమ్ గాని, రంధ్రం అక్కరలేని బి7 గాని తెప్పించండి. బి7 అయితే ఆర్మ్ వెనక్కి తిరిగేదే తీసుకోండి, లేకపోతే కేసు మూత ఆర్మ్‌ను నొక్కుతూనే ఉంటుంది. బిగించాక ఇంటోనేషన్ (అన్ని ఫ్రెట్ల మీదా శ్రుతి సరిగ్గా పలుకుతోందా అన్నది) మళ్లీ చూడాలి, బ్రిడ్జి ఎత్తూ కొద్దిగా మారవచ్చు. తీసేసిన టెయిల్‌పీస్‌ను, దాని రెండు స్టడ్‌లతో సహా, మెకానిక్ దగ్గర వదిలేయకుండా అడిగి తెచ్చుకోండి.

మొదటి పరీక్షలో శ్రుతి తగ్గిందా, రెండో పరీక్షలో పెరిగిందా, ఏ తీగకు ఎంత అన్నది రాసి, నట్‌ను పైనుంచి దగ్గరగా తీసిన ఫొటో ఒకటి జతచేస్తే, గాడులు సరిచేస్తే చాలునా, కొత్త నట్ వేయించాలా అన్నది చెప్పగలను.